కిడ్నీ కేన్సర్ పెద్ద సిరలోకి పాకితే ఆపరేషన్ చేయించాలా?

మీ నాన్నగారికి కుడి కిడ్నీలో కేన్సర్ వచ్చి ఐవీసీలోకి, అంటే పొట్ట నుంచి గుండెకి వెళ్ళే పెద్ద సిరలోకి పాకిందన్నారు. డాక్టరు ఆపరేషన్ అంటుంటే చుట్టాలు వద్దంటున్నారని రాశారు. మా బాబాయికి ఇదే వచ్చింది. వనస్థలిపురంలో ఉంటారు. మూత్రంలో రక్తం కనబడితే స్టోన్ అనుకుని స్కాన్ తీయించారు, అప్పుడు బయటపడింది. మొదట చూపించిన చోట "నాలుగో స్టేజి, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. అది తప్పు. ఊపిరితిత్తులకో ఎముకలకో వెళ్ళకుండా సిరలోకి మాత్రమే పాకితే దాన్ని మూడో స్టేజిగానే లెక్కిస్తారు.

సిరలోకి పాకినదాన్ని డాక్టర్లు క్లాట్ అనగానే రక్తం గడ్డ అనుకుని, బ్లడ్ థిన్నర్ (రక్తాన్ని పలచబరిచే మందు) వేస్తే కరుగుతుందని ఆశపడతారు. మా ఇంట్లోనూ ఆ చర్చ జరిగింది. నిజానికి అది కిడ్నీ సిర గుండా తీగలా పాకిన కేన్సర్ కణితే, థిన్నర్‌కి కరగదు. చుట్టూ మామూలు రక్తం కూడా గడ్డకడుతుంది కాబట్టి ఒక్కోసారి థిన్నర్ ఇస్తారు, డాక్టరు రాస్తే మానకండి. చాలామందిలో ఈ కణితి సిర గోడకి అతుక్కోదు. అందుకే కిడ్నీ తీసేసి, సిర తెరిచి దాన్ని బయటికి తీసి, మళ్ళీ కుట్టేయగలుగుతారు.

ఎంత ఎత్తుకి పాకిందో సున్నా నుంచి 4 దాకా లెవెల్‌గా చెబుతారు. 4 అంటే డయాఫ్రమ్ (పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండర పొర) దాటి గుండె వైపు వెళ్ళినట్టు, అప్పుడు హార్ట్ లంగ్ మెషీన్ (గుండె, ఊపిరితిత్తుల పని కాసేపు తాను చేసే యంత్రం) మీద పెట్టాల్సి రావచ్చు. బాబాయిది 3. కాలేయాన్ని పక్కకి తిప్పి, దాని వెనకున్న సిరలోంచి తీశారు. ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం కాబట్టి గొంతులోంచి ఎకో ప్రోబ్ (గుండెను స్కాన్ చేసే గొట్టం) వేసి గుండెను చూస్తూనే చేశారు. హార్ట్ సర్జన్ సిద్ధంగా ఉన్నారు గానీ మెషీన్ అవసరం పడలేదు.

ఇది చిన్న ఆపరేషన్ కాదు. ఆపరేషన్‌లోనో ఆ తర్వాత కొద్ది వారాల్లోనో 100 మందిలో 5 నుంచి 10 మంది దాకా చనిపోతున్నట్టు లెక్కలున్నాయి, లెవెల్ 4లో రిస్క్ ఇంకా ఎక్కువ. కానీ వేరే అవయవాలకి పాకనివాళ్ళలో సుమారు 40 నుంచి 65 శాతం మంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. ఏమీ చేయకుండా వదిలేస్తే చాలామందికి నెలలే. లెవెల్‌ని బట్టి ఆపరేషన్ ఎంత కష్టమో తెలుస్తుంది. ఎన్నేళ్ళు బతుకుతారన్నది మాత్రం లింఫ్ నోడ్లకి (శోషరస గ్రంథులకి), వేరే అవయవాలకి వెళ్ళిందా, సిర గోడని తినేసిందా అన్నదాని మీదే ఎక్కువగా ఉంటుంది. మీ డాక్టరుని ముందు ఇదే అడగండి. ఇలాంటివి ఎన్ని చేశారో కూడా మొహమాటం లేకుండా అడగండి.

యూరాలజీ, లివర్ సర్జరీ, గుండె సర్జరీ, మంచి బ్లడ్ బ్యాంక్ ఒకేచోట ఉండాలి. ప్రభుత్వ వైపు పంజాగుట్ట నిమ్స్‌లో ఈ విభాగాలన్నీ ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకి పెంచారు. మీ కేసుకి వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని కలిసి తేల్చుకోండి. రక్తదాతల్ని ముందే చూసిపెట్టుకోండి, చాలా రక్తం పట్టొచ్చు. ఇంకో ఒపీనియన్ తప్పకుండా తీసుకోండి, కానీ నెలలు గడవనివ్వొద్దు. కణితి పైకి పెరుగుతూనే ఉంటుంది, అందుకే ఆపరేషన్ ముందు కొత్త స్కాన్ అడుగుతారు.

బాబాయికి తర్వాత కొన్నాళ్ళు కాళ్ళ వాపు, క్రియాటినిన్ (మిగిలిన కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) టెన్షన్ ఉండేవి. ఇప్పుడు స్కాన్ల దగ్గరే కాస్త భయం, మిగతా రోజులు మామూలుగానే తిరుగుతున్నారు. బయాప్సీలో క్లియర్ సెల్ రకం అని వస్తే, ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ (కేన్సర్ మీద ఒంటి రోగనిరోధక శక్తి పనిచేసేలా చేసే ఇమ్యునోథెరపీ మందు) ఇంజెక్షన్ గురించి మెడికల్ ఆంకాలజిస్టుని అడగండి. తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవాళ్ళకి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి ఆ మాట ఆపరేషన్‌కి ముందే కదిపితే డబ్బు సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది.