మూతబడిన మిల్లులో ఏ సంగీతం మోగాలి?

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం కలిసి ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నాము. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు ఉన్న చోట వందేళ్ల తరువాత వెలసిన, కంపెనీల ఏలుబడిలోని నగరంలో కథ నడుస్తుంది. సైబర్‌పంక్‌కు, అంటే సాంకేతికత పెరిగినా సామాన్యుడి బతుకు బాగుపడని భవిష్యత్తు కథలకు, సింథ్‌వేవ్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం ఉండాలని ఒకరు, మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం కావాలని మరొకరు అంటున్నారు. నాకు డప్పు పెట్టాలని ఉంది. నప్పుతుందా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తప్పకుండా నప్పుతుంది. అయితే ఎందుకు నప్పుతుందో తెలిస్తేనే ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

వానలో తడిసిన నియాన్ దీపాల నగరం అనగానే సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం గుర్తుకు రావడానికి 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ చిత్రానికి వాంజెలిస్ కూర్చిన సంగీతం ఒక ముఖ్య కారణం. సింథ్‌వేవ్ ఆ కాలపు ధ్వనులను తలచుకుంటూ సాగే శైలి కనుక, నగరాన్ని దూరం నుంచి చూపే ఘట్టాలకు చక్కగా అమరుతుంది. అక్కడ బతికే మనిషి కోపాన్ని మాత్రం అది మోయలేదు. ఆ పనికి మీ మిత్రుడు చెప్పిన మెటల్ గాని, పంక్ అనే మరో ఆవేశపు రాక్ శైలి గాని మేలు. 2020 డిసెంబరులో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ అనే వీడియో గేమ్‌లో సమురాయ్ అనే కల్పిత రాక్ బృందం పాటలను స్వీడన్‌కు చెందిన రెఫ్యూజ్డ్ అనే పంక్ బృందం చేసింది. అదే గేమ్‌లో కారెక్కి రేడియో పెడితే జాజ్, హిప్‌హాప్, టెక్నో ఒక్కొక్క స్టేషన్‌లో వినిపిస్తాయి.

నా దృష్టిలో మీ కథకు అన్నిటికంటే దగ్గరి చుట్టం టెక్నో, అంటే యంత్రాల మీద ఒకే లయ మళ్లీ మళ్లీ సాగే నాట్య సంగీతం. కార్ల పరిశ్రమ చితికి ఫ్యాక్టరీలు మూతపడుతున్న డెట్రాయిట్ నగరంలో, 1980లలో, హువాన్ అట్కిన్స్ వంటి నల్లజాతి యువకులు దానికి రూపమిచ్చారు. షికాగోలో జరిగింది ఇంకా ముచ్చటైన సంగతి. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ గిటార్ వాయించేవారికి తోడుగా ఉంటుందని టీబీ-303 అనే, బేస్ (మంద్ర స్వరాలు) పలికించే యంత్రాన్ని తెచ్చింది గాని, అది సరిగా అమ్ముడుపోలేదు. పాత సామాను కింద చవకగా దొరికిన ఆ యంత్రాలను అక్కడి కుర్రాళ్లు కొని, మీటలు తిప్పి తిప్పి, తయారుచేసినవారు ఊహించని ధ్వనిని రాబట్టారు. ఆసిడ్ హౌస్ అనే నాట్య సంగీత శైలి అలా పుట్టింది. పెద్ద సంస్థకు అక్కరకు రాని వస్తువును వీధిలోని మనుషులు తమ పనికి మలచుకోవడం సైబర్‌పంక్ కథలకు ప్రాణం.

మూతబడిన మిల్లు నేల మీద కథ చెబుతున్న మీకు ఇది పరాయి చరిత్ర కాదు. సిరిసిల్లలో మరమగ్గాలు నేటికీ నడుస్తున్నాయి. అక్కడికి వెళ్లి ఆ చప్పుడును రికార్డు చేసి, దానినే మీ టెక్నో లయగా మలచండి.

ఇక డప్పు. మంట దగ్గర కాచి బిగువు తెచ్చి, సిర్ర, సిటికెన పుల్లలతో వాయించే ఆ వాద్యం చేతిని బట్టి, వేడి తగ్గేకొద్దీ పలుకు మార్చుకుంటుంది; యంత్రం ఎన్నిసార్లు తిప్పినా ఒకే తీరుగా పలుకుతుంది. ఆ రెండూ పక్కపక్కన వినిపించినప్పుడే ఆ నగరంలో మనిషి ఇంకా మిగిలి ఉన్నాడని ఆడేవారికి తెలుస్తుంది. కనుక దానిని నేపథ్య సంగీతంలో కలిపేయకుండా, ఫలానా గల్లీలో ఎవరో వాయిస్తున్నట్టుగా, దగ్గరికి వెళ్లేకొద్దీ పెరిగేలా పెట్టండి. చావుకు ఒక దరువు, పెండ్లికి ఒకటి, జాతరకు మరొకటి ఉంటాయి. పొరపడితే మన ప్రాంతంవారు వెంటనే గుర్తుపడతారు. అందుకే కళాకారులనే పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, గేమ్‌లో వారి పేర్లు వేయండి.

ప్రశ్న: మా గేమ్‌లో పోరాటం మొదలవగానే సంగీతం మారుతుంది. ఆ మార్పు తెగినట్టు వినిపిస్తోంది. ఏం చేయాలి?
- పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పాటను మార్చకండి, పొరలుగా విడదీయండి. ఒకే వేగంలో, ఒకే శ్రుతిలో బేస్, తాళం, రాగం వేర్వేరుగా రికార్డు చేసి అన్నిటినీ ఒకేసారి నడుపుతూ, శత్రువు కనిపించినప్పుడు తాళం పొరను తరువాతి ఆవర్తం మొదట్లో పైకి తెండి. పోరాటం ముగిశాక దానిని రెండు మూడు ఆవర్తాల పాటు మెల్లగా తగ్గించండి.