గోల్స్ కొట్టే మా అబ్బాయిని వెనక్కి పంపారు

ప్రశ్న: మేము సికింద్రాబాద్‌లో ఉంటాము. మా అబ్బాయికి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఇన్నాళ్లూ ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడిన వాణ్ని రెండు నెలల క్రితం కోచ్ రైట్ బ్యాక్ స్థానానికి, అంటే వెనుక కుడి వైపు కాచే డిఫెండర్‌గా మార్చారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే చిర్రుబుర్రులు. పోయిన నెల మ్యాచ్‌లో అవతలి కుర్రాడు ఏదో అన్నాడని వాణ్ని రెండు చేతులతో నెట్టి పడేశాడు. రెడ్ కార్డు ఇచ్చి బయటికి పంపారు, జట్టు ఓడిపోయింది. మావారు అందరి ముందూ కోచ్‌తో గొడవపడ్డారు, ఇంటికి వచ్చాక వాణ్నీ తిట్టారు. ఇప్పుడు ఆట మానేస్తానంటున్నాడు. గదిలో కూర్చుని ‘ఆవో అషి’ అనే జపాన్ యానిమే (యానిమేషన్ సీరియల్) మాత్రం పదేపదే చూస్తున్నాడు. అందులో అషితో అనే పిల్లవాడు అచ్చం తనలాంటి వాడేనట. ఆట మాన్పించాలా, వేరే కోచ్ దగ్గర చేర్చాలా?

జవాబు: అమ్మా, రెండూ ఇప్పుడు వద్దు. ఆట మీద నిజంగా మనసు విరిగిన పిల్లవాడు ఫుట్‌బాల్ కథను పదేపదే చూడడు. నోటితో మానేస్తానని చెబుతున్న మీ అబ్బాయి, ఆ తెర ముందు కూర్చుని ఎలా కొనసాగాలో వెతుక్కుంటున్నాడని నాకు అనిపిస్తున్నది. అందుచేత మొదట ఆ అషితో ఎవరో మీకు చెబుతాను. మీ ఇంట్లో జరిగినదంతా ఆ కథలోనే ఉంది.

అషితో జపాన్‌లో ఎహిమే అనే ప్రాంతపు కుర్రాడు. తల్లి ఒక్కతే కష్టపడి అతన్నీ, అన్ననూ పెంచుతుంది. జట్టులో ఫార్వర్డ్, తానే గోల్ కొట్టాలి, తానే గెలిపించాలి అన్నది అతని పట్టుదల. ఒక ముఖ్యమైన మ్యాచ్‌లో ప్రత్యర్థి తన తల్లిని అవమానించగానే తలతో ఢీకొట్టి రెడ్ కార్డు తెచ్చుకుంటాడు, జట్టు ఓడిపోతుంది. ఆ దుడుకుతనం వెనుక ఉన్న ఒక అరుదైన గుణాన్ని టోక్యోలోని ఒక యువ జట్టు కోచ్ గమనిస్తాడు: మైదానంలో ఎవరు ఎక్కడ ఉన్నారో ఆ పిల్లవాడికి పైనుంచి చూసినట్లు గుర్తుంటుంది. అతన్ని టోక్యో పిలిపించి, కొంతకాలం ఆడనిచ్చి, ఒకనాడు ఫార్వర్డ్ స్థానం వదిలి డిఫెన్స్‌కు మారమంటాడు. అషితో కుప్పకూలినట్లు ఏడుస్తాడు. నాకు విలువైనదిగా తోచేది ఆ తరువాతి భాగం. అతను మర్నాటికే మారిపోడు. బంతిని సరిగా ఆపడం, ఎక్కడ నిలబడాలో తెలుసుకోవడం, తనకన్నా బాగా ఆడేవారి చేత మాటలు పడడం, ఇవన్నీ తొలి పాఠం నుంచి మొదలవుతాయి. ఆ కోపం కూడా పోదు. అయితే తనను ఎవరు ఏమన్నారన్న దాని మీది నుంచి, పక్కవాడు ఎందుకు ఆలస్యంగా కదిలాడు, తాను ఎందుకు ముందుగా పిలవలేదు అన్న దాని మీదికి మెల్లగా మళ్లుతుంది.

మీ అబ్బాయి ఈ కథలో ఏ భాగాన్ని ఎక్కువగా చూస్తున్నాడో ఒకసారి పక్కన కూర్చుని గమనించండి. ఏమీ వ్యాఖ్యానించకుండా ఒక భాగం చూసి, “వాడు ఎందుకు అంతగా ఏడ్చాడు?” అని మాత్రం అడగండి. “నీకు ఎలా ఉంది?” అంటే పదిహేనేళ్ల పిల్లలు తలుపు వేసుకుంటారు, అషితోకు ఎలా ఉందో మాత్రం ఎంతసేపైనా చెబుతారు. అలా చెప్పేదాంట్లో సగం వాడి సంగతే అయి ఉంటుంది. “చూశావా, అషితో సర్దుకున్నాడు, నువ్వూ సర్దుకో” అని మాత్రం అనకండి. వాడు తనకోసం దాచుకున్న ఒక్క ఊరటనూ బెత్తంగా మార్చినట్లవుతుంది.

ఇక స్థానం మార్పు గురించి. మీ అబ్బాయి దృష్టిలోనూ, బహుశా మీవారి దృష్టిలోనూ, వెనక్కి పంపడమంటే హోదా తగ్గించడం. ఆటలో అది అలా ఉండదు. ఫార్వర్డ్ చాలాసార్లు గోల్‌కు వీపు పెట్టి, మీద పడుతున్న డిఫెండర్‌ను కాచుకుంటూ బంతిని అందుకోవాలి. రైట్ బ్యాక్‌కు మైదానమంతా కళ్ల ముందు పరుచుకుని ఉంటుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి దాడిని మొదలుపెట్టేదీ, అంచు వెంట పరుగెత్తి, ముందు అదే అంచున ఆడే వింగర్‌ను దాటుకుని వెళ్లి, గోల్ ముందుకు బంతిని కొట్టి క్రాస్ వేసేదీ, వెంటనే అంత దూరమూ వెనక్కి పరుగెత్తి తన వైపును కాచేదీ ఆ ఆటగాడే. గోల్ కొట్టిన అనుభవం ఉన్న పిల్లవాడికి ఎదుటి ఫార్వర్డ్ ఏం చేయబోతున్నాడో ముందే తెలుస్తుంది కాబట్టి అక్కడ అది పనికివస్తుంది.

మన ఊరి ఫుట్‌బాల్ చరిత్రలోనే ఇందుకు తార్కాణాలు ఉన్నాయి. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టిన పీటర్ తంగరాజ్ తొలినాళ్లలో సెంటర్ ఫార్వర్డ్. గోల్‌కీపర్‌గా మారి 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్లలో నిలిచారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, రహీమ్ ఆయన్ను ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన ఫైనల్లో ఒక గోల్ జర్నైల్‌ది. ఒకరు ముందు నుంచి వెనక్కి, మరొకరు వెనుక నుంచి ముందుకు వెళ్లారు. ఈ సంగతులు మీ అబ్బాయికి ఉపన్యాసంగా చెప్పకండి, ఏదో ఒక సాయంత్రం మాటల్లో వస్తే చాలు.

అయితే కోచ్ వైపు కూడా ఒక లోపం ఉండి ఉండవచ్చు. స్థానం ఎందుకు మార్చారో ఆయన మీ అబ్బాయికి విడమరిచి చెప్పినట్లు మీ ఉత్తరంలో లేదు. యానిమేలోని కోచ్ కత్తితో కోసినట్లు ఒక్క మాటలో చెప్పేస్తాడు. కథకు అది బాగుంటుందేమో గానీ, ఎదిగే పిల్లల దగ్గర ఆ పద్ధతిని నేను సమర్థించను. కారణం తెలియని మార్పును పిల్లలు శిక్షగానే తీసుకుంటారు. అందుకని అబ్బాయి తానే కోచ్ దగ్గరికి వెళ్లి, ముందు రెడ్ కార్డు విషయంలో క్షమాపణ చెప్పి, ఆ తరువాత రెండు మాటలు అడగాలి: “నన్ను అక్కడ ఎందుకు పెట్టారు? అక్కడ నేను ముందుగా నేర్చుకోవలసింది ఏమిటి?” మీరు గేటు దాకా వెళ్లండి, లోపలికి వెళ్లకండి. క్షమాపణ సహచరులకూ చెప్పాలి. రెడ్ కార్డు పడితే బదులుగా మరొకరిని దింపే వీలు లేదు గనుక, వాడు బయటికి వెళ్లిన తరువాత మిగిలిన పది మందీ వాడి వంతు పరుగు కూడా తీశారు. ఆ ఒక్క సంగతి వాడికి అర్థమైతే, “వాడే ముందు అన్నాడు” అనే వాదన దానంతటదే తగ్గుతుంది.

కవ్వింపులు రేపూ ఉంటాయి. వెనుక ఆడేవారిని రెచ్చగొట్టడం ఫార్వర్డ్‌లకు అలవాటే. మీ అబ్బాయి కూడా ఇన్నాళ్లూ ఆ పని చేసే ఉంటాడు. “ఓర్చుకో” అంటే ఆ క్షణంలో ఏమీ గుర్తురాదు, శరీరానికి ఒక పని కావాలి. రెండు చేతులూ వీపు వెనుక కట్టుకోవడం, వెంటనే తన గోల్‌కీపర్ వైపు తిరిగి ముందుగా అనుకున్న ఒక మాట గట్టిగా అనడం సాధనలోనే అలవాటు చేసుకోమనండి. ఆ సమయంలో వచ్చి భుజం పట్టి పక్కకు లాగే బాధ్యతను ఒక స్నేహితుడికి అప్పగించుకోమనండి.

మీవారి విషయం చివరికి ఉంచాను గానీ అది చిన్నది కాదు. తన పక్షాన తండ్రి కోచ్ మీద అరవడం వాడు చూశాడు. ఆ నోటితోనే తనను తిట్టడమూ విన్నాడు. మాట పడితే మీద పడాలన్న పాఠం వాడికి అక్కడ కూడా దొరికింది. ఆయన ప్రేమను నేను శంకించడం లేదు. కొడుకు చిన్నబోవడం చూడలేకనే అలా చేసి ఉంటారు. ఆయన అబ్బాయితో, “ఆ రోజు నేను అలా అరిచి ఉండకూడదు” అని ఒక్క వాక్యం చెప్పగలిగితే, వాడు కోచ్‌తో చెప్పవలసిన వాక్యం సగం తేలికవుతుంది. దీన్ని మీరు ఆయనకు ఏకాంతంలో చెప్పండి, వాడి ముందు కాదు.

వాడు ఇంట్లో వారి మీద చేయి చేసుకోవడం, వస్తువులు పగలగొట్టడం, రోజుల తరబడి నిద్రాహారాలు మానడం, బతకాలని లేదనడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలి మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెడ్ కార్డు వల్ల పడిన నిషేధం ముగిసి వాడు మళ్లీ మైదానంలో దిగే రోజున, మీరిద్దరూ ఎప్పటిలా ప్రత్యర్థి గోల్ వెనుక నిలబడకండి. వాడు ఆడే కుడి అంచు దగ్గర నిలబడండి. ఎన్ని గోల్స్ పడ్డాయని కాక, వాడు ఎన్నిసార్లు అంచు వెంట ముందుకు వెళ్లి మళ్లీ తన చోటికి తిరిగి వచ్చాడో చూడండి. దారిలో ఆట గురించి వాడు ఎత్తితేనే మాట్లాడండి. అప్పుడు మీరు చూసిన ఆ పరుగుల్లో ఒకదాని గురించి చెప్పండి.