స్విచ్ వేసినా వెంటనే లేవని కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కెమెరా ఆన్ చేసినప్పటి నుంచి మొదటి క్లిక్ పడేదాకా పట్టే ఆలస్యం గురించే చాలామంది అడిగారు. అందుకే ఈ సంచికలో చోటంతా దానికే ఇచ్చాం.

ప్రశ్న: నాది మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా. కొన్నప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు ఆన్ చేస్తే రెండు సెకన్లు దాటుతోంది. పెళ్లిళ్లలో బ్యాటరీ మిగుల్చుకుందామని మధ్యమధ్య ఆపుతుంటాను. మొన్న అడ్డుతెర దించే వేళ స్విచ్ వేశాను, స్క్రీన్ వెలిగేసరికి ఆ క్షణం దాటిపోయింది. ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపించే లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ చేస్తే వేగం పెరుగుతుందని తోటి ఫొటోగ్రాఫర్లు అంటున్నారు. నిజమేనా అండీ?
– పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కొంతవరకు నిజం. కానీ మీరు రాసిన ఒక మాట దగ్గర ఆగాలి. "కొన్నప్పుడు బాగానే ఉండేది" అన్నారు. ఫర్మ్‌వేర్ రోజులు గడిచేకొద్దీ తనంతట తాను మందగించదు. ఫోన్‌లో యాప్‌లు పేరుకుపోయి బరువెక్కినట్టు మామూలు కెమెరాలో జరగదు. పుట్టుకతోనే నెమ్మదిగా లేచే కెమెరాకు అప్‌డేట్ మందు. మధ్యలో మందగించిన కెమెరాకైతే ముందు కార్డు, సెట్టింగులు, లెన్స్ కాంటాక్టులు, బ్యాటరీ చూడాలి.

స్విచ్ వేయగానే లోపల చాలా పనులు జరుగుతాయి. ఫ్లాష్ మెమరీలో ఉన్న ప్రోగ్రాం ర్యామ్‌లోకి వస్తుంది. సెన్సర్‌కు కరెంటు అందుతుంది. లెన్స్ తనెవరో బాడీకి చెప్పుకుంటుంది. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) బాడీలో ఉంటే సెన్సర్ మధ్యలోకి వచ్చి నిలుస్తుంది. కార్డులో ఎంత ఖాళీ ఉందో లెక్క తేలుతుంది. వ్యూఫైండర్ వెలుగుతుంది. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరుస కడితే ఆలస్యం తప్పదు. ఒక పని నడుస్తుండగానే ఇంకోటి మొదలయ్యేలా, కార్డు లెక్క పూర్తిగా తేలకముందే షట్టర్ నొక్కనిచ్చేలా, జాగ్రత్త కోసం ఎక్కువగా పెట్టిన విరామాలు తగ్గేలా ఇంజనీర్లు ప్రోగ్రాంను సరిదిద్దితే సమయం మిగులుతుంది. అప్‌డేట్ చేసే మేలు ఇదే.

దీనికి ఉదాహరణలున్నాయి. 2011లో వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్100 నెమ్మదిగా లేస్తుందని పేరుపడింది. దాని తర్వాతి మోడల్ ఎక్స్100ఎస్ అమ్మకానికి వచ్చేశాక కూడా, 2013 అక్టోబరులో కంపెనీ పాత కెమెరాకు 2.00 వెర్షన్ ఇచ్చింది. ఫోకస్ వేగంతో పాటు స్టార్టప్ సమయం కూడా అందులో మెరుగుపడింది. 2013 చివర్లో వచ్చిన సోనీ ఏ7, ఏ7ఆర్‌లకు 2014లో ఇచ్చిన అప్‌డేట్‌లోనూ స్టార్టప్ సమయం తగ్గించారు. ప్రతి అప్‌డేట్‌తో పాటు కంపెనీ మార్పుల జాబితా ఇస్తుంది. అందులో స్టార్టప్ మాట లేకపోతే, దానికోసమని అప్‌డేట్ చేసి ఆశ పెట్టుకోకండి.

ముందు కొలవండి. "రెండు సెకన్లు" అన్నది మనసుకు తోచిన లెక్క. ఫోన్‌లో వీడియో రికార్డింగ్‌ను సెకనుకు 60 ఫ్రేములకు పెట్టి, కెమెరా స్విచ్, స్క్రీన్ రెండూ కనిపించేలా స్టాండ్ మీద నిలపండి. షట్టర్ పూర్తిగా నొక్కి ఉంచి స్విచ్ వేయండి. స్విచ్ కదిలిన ఫ్రేము నుంచి క్లిక్ వినిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు, అంటే 60 ఫ్రేములైతే ఒక సెకను. ఇలా ఐదుసార్లు చేసి మధ్య విలువ తీసుకోండి. ఫోకస్ వెతుకులాట ఈ లెక్కలో కలవకుండా మాన్యువల్ ఫోకస్‌లో పెట్టడం మరిచిపోవద్దు.

తర్వాత ఒక్కో భాగాన్నీ పక్కన పెట్టి మళ్లీ కొలవండి. మొదట కార్డు తీసేసి చూడండి. కార్డు లేకుండా షట్టర్ పడనివ్వకపోతే మెనూలో ఆ అనుమతి ఇవ్వాలి. తర్వాత లెన్స్ తీసేసి, ఆ తర్వాత పూర్తిగా చార్జ్ అయిన వేరే ఒరిజినల్ బ్యాటరీతో చూడండి. ఏది మారితే అంకె దిగిందో తప్పు అక్కడుంది. లెన్స్ తీస్తే వేగం పెరిగిందంటే వెనక ఉన్న బంగారు రంగు కాంటాక్టులను పొడిగా ఉన్న, పీచు రాలని మెత్తటి గుడ్డతో తుడవండి. చెమట చేతులతో లెన్సులు మార్చేవాళ్ల కెమెరాల్లో అక్కడ పొర కట్టడం మామూలే. పాతబడ్డ బ్యాటరీ స్క్రీన్ మీద నిండుగా కనిపించినా, సెన్సర్, మోటార్లు ఒకేసారి కరెంటు లాగినప్పుడు వోల్టేజ్ నిలబెట్టలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి. ముహూర్తం వేళ కెమెరా ఆపకండి. రెండో బ్యాటరీ జేబులో పెట్టుకోండి. ఏ ఫర్మ్‌వేరూ ఆ క్షణాన్ని వెనక్కి తేలేదు.

ప్రశ్న: 32 జీబీ కార్డు తీసి 128 జీబీ వేశాను. అప్పటినుంచి కెమెరా లేవడం ఆలస్యమైంది. పెద్ద కార్డు వాడటం తప్పా?
– బీసెంట్ రోడ్డు, విజయవాడ

జవాబు: సైజు ఒక్కటే కారణం కాదు. 2 జీబీ దాటి 32 జీబీ దాకా ఉన్న కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో, అంతకు పైవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అవుతాయి. కార్డులోని చోటు చిన్న చిన్న గడులుగా విడిపోయి, వాటి లెక్క ఒక పట్టీలో ఉంటుంది. ఫ్యాట్32లో ఆ పట్టీకి ఒక్కో గడికి 4 బైట్లు పడుతుంది. 32 కేబీ గడులతో 32 జీబీ కార్డుకు సుమారు పది లక్షల గడులు, అంటే దాదాపు 4 ఎంబీ పట్టీ. ఎక్స్‌ఫ్యాట్‌లో ఖాళీ గడుల లెక్కకు ఒక్కో గడికి ఒక్క బిట్ చాలు. 128 కేబీ గడులతో 128 జీబీ కార్డుకు ఆ పట్టీ సుమారు 128 కేబీ మాత్రమే. కాబట్టి పెద్ద కార్డు సహజంగా నెమ్మది అనుకోనక్కర్లేదు.

ఆలస్యానికి అసలు కారణాలు సాధారణంగా రెండు. ఫార్మాట్ చేయకుండా నెలల తరబడి ఫొటోలు పోగేయడం మొదటిది. చివరి ఫైలు నంబరు తెలుసుకోవడానికి కెమెరా ఫోల్డర్లన్నీ తిరగాలి. రెండోది కంప్యూటర్లోనో ఫోన్లోనో ఫైళ్లు తొలగించడం. సోనీ కెమెరాలు కార్డులో చిత్రాల డేటాబేస్ ఒకటి పెట్టుకుంటాయి. బయట ఫైళ్లు తీసేస్తే అది తప్పుతుంది, మెనూలో ఇమేజ్ డేటాబేస్ రికవర్ అనే అంశంతో సరిచేయాలి. ఫొటోలు రెండు చోట్ల భద్రం చేసుకుని, ఆ కెమెరాలోనే కార్డును ఫార్మాట్ చేసి మళ్లీ కొలవండి. అప్పటికీ నెమ్మదిగా ఉంటే కార్డు నకిలీదేమో చూడండి. దానిని ఫైళ్లతో అంచుదాకా నింపి, అన్నీ తిరిగి తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షిస్తే బయటపడుతుంది.

ప్రశ్న: నా దగ్గర కంప్యూటర్ లేదు, ఫోన్ మాత్రమే ఉంది. సొంతంగా అప్‌డేట్ చేసుకోవచ్చా? మధ్యలో ఆగిపోతే కెమెరా పాడవుతుందని భయంగా ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చేసుకోవచ్చమ్మా. భయం కూడా న్యాయమైనదే, అందుకే ప్రతి మెట్టూ నిదానంగా చేయండి.

ముందుగా మెనూలో ఇప్పుడున్న వెర్షన్ నంబరు చూసి రాసుకోండి. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీ మోడల్ పూర్తి పేరుతో వెతకండి. చివర ఒక అక్షరం తేడా ఉన్నా అది వేరే కెమెరాయే. మీ సెట్టింగులున్న మెనూ పేజీలన్నిటినీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, కొన్ని అప్‌డేట్లు అన్నిటినీ మొదటికి తెస్తాయి. కార్డును కెమెరాలో ఫార్మాట్ చేసి, ఓటీజీ కార్డ్ రీడర్‌తో ఫోన్‌కు తగిలించి, దింపుకున్న ఫైలును కార్డులో అన్నిటికన్నా పైన పెట్టండి. ఏ ఫోల్డర్ లోపలా పెట్టకూడదు. జిప్ ఫైలుగా వస్తే విప్పి, లోపలి ఫైలును మాత్రమే పెట్టాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. అదే ఫైలును రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే ఫోన్ దాని పేరు చివర (1) అని చేరుస్తుంది. పేరు మారిన ఫైలును కెమెరా గుర్తించదు, "ఫైలు లేదు" అంటుంది. పాతది తీసేసి మళ్లీ దింపుకోండి.

కెమెరాలో మొదలుపెట్టే తీరు కంపెనీని బట్టి మారుతుంది. కెనాన్‌లో మోడ్ డయల్‌ను పీ మీద ఉంచి సెటప్ మెనూలో ఫర్మ్‌వేర్ అంశం తెరవాలి. పూర్తి ఆటోలో అది కనిపించదు. నికాన్‌లో సెటప్ మెనూలో ఫర్మ్‌వేర్ వెర్షన్ దగ్గర ఉంటుంది. ఫుజీఫిల్మ్‌లో డిస్ప్/బ్యాక్ బటన్ నొక్కి ఉంచి స్విచ్ వేయాలి. పానసోనిక్ లూమిక్స్‌లో కార్డు పెట్టి ఆన్ చేసి ప్లేబ్యాక్ బటన్ నొక్కితే అడుగుతుంది. పాత సోనీ మోడళ్లకు మాత్రం కంప్యూటర్, యూఎస్‌బీ కేబుల్ తప్పనిసరి. అలాంటప్పుడు స్నేహితుల ల్యాప్‌టాప్ వాడండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌తో వద్దు, వేసవి మధ్యాహ్నం కరెంటు పోయిందంటే పని మధ్యలో ఆగుతుంది.

బ్యాటరీ ఒరిజినల్‌ది, పూర్తిగా చార్జ్ చేసింది వాడండి. కొన్ని అప్‌డేట్ల తర్వాత వేరే కంపెనీల బ్యాటరీలను కెమెరా ఒప్పుకోకపోవడం కూడా జరిగింది. మొదలయ్యాక స్విచ్, బటన్లు, కార్డు తలుపు ఏదీ ముట్టుకోవద్దు. కొన్నిటికి మూడు నాలుగు నిమిషాలు, కొన్నిటికి పావుగంట పడుతుంది. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత స్క్రీన్ మీద కదలడం లేదని మధ్యలో ఆపేయడం వల్లనే కెమెరాలు చాలావరకు చచ్చుపడతాయి. అలా జరిగితే ఇంట్లో బాగయ్యే మార్గం లేదు, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సిందే.

పూర్తయ్యాక వెర్షన్ నంబరు మారిందో లేదో చూడండి. కార్డును మళ్లీ ఫార్మాట్ చేయండి. అప్‌డేట్ తర్వాత మొదటిసారి లేవడం ఆలస్యం కావచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. చాలా కంపెనీలు పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లనివ్వవు. కాబట్టి రేపు ముఖ్యమైన షూట్ ఉంటే ఇవాళ చేయకండి.

ప్రశ్న: మిర్చి యార్డులో తరచూ ఫొటోలు తీస్తాను. ఆన్ చేయగానే "సెన్సర్ క్లీనింగ్" అని వస్తుంది. అది ఆపేస్తే వేగం పెరుగుతుందా?
– గుంటూరు

జవాబు: పెరుగుతుంది, కానీ మీరు దాన్ని పూర్తిగా ఆపేయకండి. కాయల ధూళి ఎగిరే చోట పనిచేసేవాళ్లకు ఆ కంపనం అవసరం. చాలా నికాన్ కెమెరాల్లో క్లీనింగ్‌ను ఆన్ చేసినప్పుడా, ఆఫ్ చేసినప్పుడా, రెండుసార్లా అని ఎంచుకోవచ్చు. ఆఫ్ చేసినప్పుడు అని పెట్టుకోండి. ఆ ఎంపిక లేని కెనాన్ మోడళ్లలో క్లీనింగ్ నడుస్తుండగా షట్టర్ సగం నొక్కితే అది ఆగి కెమెరా వెంటనే సిద్ధమవుతుంది. యార్డు లోపల లెన్స్ మార్చవద్దు. బయటికొచ్చి, కెమెరాలో లెన్స్ తగిలే నోరు కిందకు పెట్టి మార్చండి.

ప్రశ్న: జేబులో పట్టే పాత జూమ్ కెమెరా ఉంది. దీనికేమైనా అప్‌డేట్ ఉంటుందా?
– తెనాలి

జవాబు: దానిలో ఎక్కువ సమయం లెన్స్ గొట్టం బయటికి రావడానికే పడుతుంది. మోటారు పరుగును ఫర్మ్‌వేర్ పెద్దగా మార్చలేదు. తీసిన ఫొటోలు చూడటానికైతే పవర్ బటన్ బదులు ప్లేబ్యాక్ బటన్ నొక్కి ఉంచండి. చాలా మోడళ్లలో లెన్స్ బయటికి రాకుండానే ఫొటోలు కనిపిస్తాయి.

ప్రశ్న: ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షుల కోసం గంటల తరబడి కూర్చుంటాం. ఎర్రకాళ్ల కొంగ లేచే వేళకు కెమెరా నిద్రలో ఉంటోంది. ఆఫ్ చేసి ఆన్ చేయడం మేలా, స్లీప్‌లో వదలడం మేలా?
– పక్షి ప్రేమికుడు, గుంటూరు

జవాబు: డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) అయితే స్విచ్ ఆన్‌లోనే వదిలేయండి. కెమెరా నిద్రపోయినా షట్టర్ సగం నొక్కగానే లేస్తుంది, ఆ స్థితిలో ఖర్చయ్యే కరెంటు చాలా స్వల్పం. పక్షి కదలకముందే మెడ చాచడం, రెక్క విదల్చడం చేస్తుంది. అప్పుడే వేలు సగం నొక్కి పట్టండి.

మిర్రర్‌లెస్‌లో తేడా ఉంటుంది. కొన్ని మోడళ్లు నిద్ర నుంచి లేవడానికీ, స్విచ్ వేస్తే లేవడానికీ ఇంచుమించు ఒకే సమయం తీసుకుంటాయి. పైన చెప్పిన వీడియో పద్ధతిలో రెండూ కొలిచి ఏది మేలో తేల్చుకోండి. ఫుజీఫిల్మ్ వాడుతుంటే పవర్ మెనూలో హై పెర్ఫార్మెన్స్ చూడండి. 2014 నాటి ఎక్స్-టీ1లో అది ఆన్‌లో ఉంటే స్టార్టప్ 0.5 సెకను అని కంపెనీ ప్రకటించింది. బ్యాటరీ ఎక్కువ తింటుంది, కాబట్టి మామూలు రోజుల్లో ఆపేయండి. వైఫై, బ్లూటూత్ అక్కర్లేకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. స్విచ్ ఆన్‌లో ఉంచి మెడకు వేలాడదీసుకుంటే వ్యూఫైండర్ పక్కనున్న కంటి సెన్సర్‌కు చొక్కా తగిలి కెమెరా నిద్రపోదు, మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది. డిస్‌ప్లేను వెనక స్క్రీన్‌కు మాత్రమే పరిమితం చేస్తే ఆ బాధ ఉండదు.

ప్రశ్న: కెనాన్‌కు మ్యాజిక్ లాంటర్న్ వేసుకుంటే కెమెరా వేగంగా లేస్తుందా?
– పటమట, విజయవాడ

జవాబు: లేవదు. అది కెనాన్ ఇచ్చింది కాదు, స్వచ్ఛందంగా కొందరు రాసిన అదనపు ప్రోగ్రాం. కార్డు నుంచి అసలు ఫర్మ్‌వేర్‌తో పాటు లోడ్ అవుతుంది కాబట్టి లేవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. వీడియో సదుపాయాల కోసం వాడేవాళ్లు ఆ ఆలస్యానికి సిద్ధపడే వాడతారు. ఎవరైనా వాడిన కెమెరా కొన్నాక అది అసలు లేవకుండా మొండికేస్తే, లోపలున్న కార్డు తీసి, బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెట్టి చూడండి. కెమెరా లేచేటప్పుడు కార్డులోని ప్రోగ్రాంను చదివేలా ఆ కార్డును సిద్ధం చేసి, దానిలోని ఫైళ్లు మాత్రం తొలగిస్తే కెమెరా అలాగే నిలిచిపోతుంది. వేరే కార్డుతో మామూలుగా లేస్తే, మొదటి కార్డును కంప్యూటర్లో పూర్తిగా తుడిచి, ఆ తర్వాత కెమెరాలో ఫార్మాట్ చేయండి.