పన్ను 15 శాతం అయ్యాక ఐర్లాండ్ నుంచి కంపెనీలు వెళ్లిపోతాయా? కార్క్ నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇదీ: ఐర్లాండ్ జనాభా మొత్తం కలిపినా మన హైదరాబాద్ అంత లేదు, అయినా పెద్ద పెద్ద అమెరికా కంపెనీలు అక్కడే ఉన్నాయి, దానికి కారణం 12.5 శాతం కార్పొరేట్ పన్నే కదా, ఇప్పుడది 15 అయింది కాబట్టి అవన్నీ వెళ్లిపోవా అని.

నేను తొమ్మిదేళ్లుగా ఐర్లాండ్ దక్షిణాన ఉన్న కార్క్ నగరం దగ్గర ఒక అమెరికన్ ఫార్మా కంపెనీ ప్లాంటులో వ్యాలిడేషన్ పని, అంటే యంత్రాలూ పద్ధతులూ ప్రతిసారీ సరిగ్గా పనిచేస్తాయని పరీక్షించి రుజువు చేసే పని, చేస్తున్నాను. అంతకుముందు ఐదేళ్లు జీడిమెట్లలో చేశాను. ఎకనామిక్స్ చదువుకోలేదు, కానీ ఒక కంపెనీ తన కొత్త పెట్టుబడి ఏ దేశంలో పెట్టాలో లోపల ఎలా తేల్చుకుంటుందో రెండుసార్లు దగ్గర కూర్చుని చూశాను. అందుకే రాస్తున్నాను.

ముందు పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. 75 కోట్ల యూరోలు దాటిన టర్నోవర్ ఉన్న గ్రూపులకి 2024 నుంచి 15 శాతం, మిగతావాళ్లకి ఇప్పటికీ 12.5 శాతమే. ఈ కనీస పన్ను ఒప్పందం యూరప్‌లో మిగతా దేశాలకీ వర్తిస్తుంది కాబట్టి పక్క దేశానికి పోయినా పెద్దగా కలిసొచ్చేదేం లేదు. అసలు అంతకుముందు కూడా హంగరీలో 9 శాతం, బల్గేరియాలో 10 శాతమే ఉండేది. పన్ను ఒక్కటే చూసేవాళ్లయితే అందరూ అటే పోయి ఉండాలి, పోలేదు. నా అభిప్రాయంలో ఆ అంకె ఎంత తక్కువ అన్నదాని కంటే అది మారదు అన్న నమ్మకం ఎక్కువ పనిచేసింది. 2010లో దేశం దాదాపు దివాళా తీసి ఐఎంఎఫ్ దగ్గరా యూరప్ దగ్గరా అప్పు తెచ్చుకున్నప్పుడు ఉద్యోగుల జీతాలు కోశారు, జనం మీద పన్నులు పెంచారు, ఫ్రాన్స్, జర్మనీ ఎంత ఒత్తిడి పెట్టినా ఆ 12.5ని మాత్రం ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ల కోసం ప్లాంటు కట్టేవాడికి కావల్సింది అదే.

అయితే పన్ను గుమ్మం దాకా తెస్తుందంతే, ఆ తర్వాత జరిగే పోటీ వేరు. బయటి నుంచి చూస్తే ఐర్లాండ్ సింగపూర్‌తోనో పోలండ్‌తోనో పోటీ పడుతున్నట్టు కనిపిస్తుంది గానీ మాకు రోజూ పోటీ మా సొంత కంపెనీలోని మిగతా సైట్లతోనే. కొత్త మందు అప్రూవల్‌కి దగ్గరపడగానే దాన్ని ఎక్కడ తయారుచేయాలని హెడ్డాఫీసు రెండు మూడు సైట్లని పక్కపక్కన పెట్టి చూస్తుంది. మొదటిసారి మాతో పాటు సింగపూర్ సైటు, అమెరికాలో ఒక సైటు ఉన్నాయి. అయిదుగురు వచ్చి రెండు రోజులున్నారు. వ్యాలిడేషన్ షెడ్యూల్ చెప్పాలి కాబట్టి నన్ను ఒక పూట లోపల కూర్చోబెట్టారు. పన్ను గురించి ఒక్కరు కూడా అడగలేదు, ఆ లెక్కలు వాళ్ల షీట్‌లో ముందే ఉన్నాయి. అడిగినవేంటంటే, ఎన్ని డీవియేషన్లు, అంటే పద్ధతి తప్పిన ఘటనలు, ఇంకా క్లోజ్ కాలేదు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పోయిన ఆడిట్‌లో ఏం రాసింది, ఇంతకుముందు ఒక ప్రాడక్ట్ తయారీని వేరే సైటు నుంచి ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు (టెక్ ట్రాన్స్‌ఫర్ అంటారు) చెప్పిన తేదీకి ఎన్ని వారాలు ఆలస్యం అయ్యారు. మధ్యాహ్నం ప్లాంటు తిరుగుతూ వాళ్లలో ఒకాయన నైట్ షిఫ్టు అయిపోయి ఇంటికి వెళ్తున్న టెక్నీషియన్‌ని ఆపి ఈ వాల్వ్ ఇరుక్కుపోతే ఏం చేస్తావని అడిగాడు. ఆ కుర్రాడు బ్యాగు కింద పెట్టి పది నిమిషాలు చెప్పాడు, ఆర్నెల్ల క్రితం ఇలాగే జరిగితే తనే ఒక మార్పు సూచించానని, దాన్ని పని ఎలా చేయాలో రాసిపెట్టే ఎస్‌వోపీలో పెట్టారని పేజీ తీసి చూపించాడు. సాయంత్రం వాళ్లు మాట్లాడుకుంది దాని గురించే. ఆ ప్రాడక్ట్ మాకొచ్చింది.

ఆ కుర్రాడు మూడేళ్ల ముందు సూపర్‌మార్కెట్‌లో పని చేసేవాడు. ఇక్కడ విదేశీ పెట్టుబడులు తెచ్చే ప్రభుత్వ సంస్థ ఐడీఏ పెట్టిన డబ్బుతో డబ్లిన్‌లో నిబర్ట్ అని ఒక శిక్షణ సంస్థ కట్టారు. నిజమైన బయోఫార్మా ప్లాంటులో ఉండేవన్నీ అక్కడుంటాయి, అమ్మకానికి మందు తయారుచేయరు, మనుషుల్ని తయారుచేస్తారు. కంపెనీ వచ్చాక మనుషుల కోసం వెతకడం కాదు, కంపెనీ వచ్చేసరికే మనుషులు ఉండేలా చూసుకున్నారు. చిన్న దేశానికి సొంత మార్కెట్ లేదు, యూరోలోకి వెళ్లాక సొంత కరెన్సీ కూడా లేదు కాబట్టి కష్టమొచ్చినప్పుడు విలువ తగ్గించుకునే దారీ లేదు. చేతిలో ఉన్నది ఇలాంటివే.

ఇది మొదటి నుంచీ తెలిసిన తెలివేం కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. ఐర్లాండ్ పశ్చిమాన ఉన్న లిమరిక్ నగరంలో డెల్ కంప్యూటర్లు బిగించే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 2009 జనవరిలో తయారీని పోలండ్‌కి మారుస్తున్నామని చెప్పారు, 1,900 ఉద్యోగాలు పోయాయి. బిగించడం మాత్రమే వచ్చిన చోట, అదే పని తక్కువ జీతానికి చేసేవాళ్లు దొరకగానే పని వెళ్లిపోతుంది. కొన్నేళ్ల తర్వాత లిమరిక్ శివార్లలోని డెల్ పాత బిల్డింగునే రీజెనరాన్ అనే అమెరికన్ బయోటెక్ కంపెనీ కొనుక్కుని మందుల ప్లాంటుగా మార్చుకుంది. అలాంటి పనిని లేపుకెళ్లడం అంత తేలిక కాదు, ఎందుకంటే జీవకణాల్ని పెంచి మందు తయారుచేసే బయోరియాక్టర్ల విభాగాన్ని వేరే దేశంలో పెట్టి మళ్లీ అన్ని అనుమతులూ తెచ్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. రెండోసారి హెడ్డాఫీసు నుంచి టీమ్ వచ్చినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న: ఇంకో అరవై మందిని తీసుకుంటే వాళ్లు ఎక్కడుంటారు?

ఇళ్లు లేవు. అద్దెలు ఎక్కువ అనడం కాదు, అసలు లేవు. జీనోమ్ వ్యాలీ నుంచి మా టీమ్‌లోకి ఒకతన్ని తీసుకున్నాం, పనిలో చాలా దిట్ట. పర్మిట్ త్వరగానే వచ్చింది, ఇల్లే దొరకలేదు. ఒక శనివారం కార్క్ శివార్లలోని డగ్లస్‌లో రెండు బెడ్‌రూముల ఇల్లు చూపిస్తామంటే నేనూ తోడు వెళ్లాను. సన్నటి వాన, గేటు బయట నలభై మంది లైన్లో ఉన్నారు, ప్రతివాళ్ల చేతిలో ఒక ఫైలు. పే స్లిప్పులు, కంపెనీ లెటరు, పాత ఓనరు ఇచ్చిన రెఫరెన్సు. ఈ దేశానికి వచ్చి నెల కూడా కానివాడికి ఇక్కడి ఓనరు రెఫరెన్సు ఎక్కడి నుంచి వస్తుంది? అతను కూకట్‌పల్లి ఓనరు చేత ఇంగ్లిష్‌లో రాయించుకున్న కాగితం పెట్టాడు. ఏజెంటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మర్యాదగా వెనక్కి ఇచ్చేసింది. ఏడు వారాలు హోటల్లో ఉన్నాడు, భార్యాపిల్లల్ని తెచ్చుకోలేక వెనక్కి వెళ్లిపోయాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా కంపెనీ ఆఫీసులోనే ఉన్నాడు, మేం ఇక్కడ చేసుకునే బ్యాచ్ రికార్డుల (ప్రతి బ్యాచ్ మందు ఎలా తయారైందో రాసే కాగితాలు) రివ్యూలో సగం పని అతని వెంటే అక్కడికి వెళ్లింది. మనవాళ్లకి పని వెళ్లినందుకు సంతోషమే, కానీ ఇక్కడ ఉండి చేద్దామనుకున్న మనిషిని మేం నిలుపుకోలేకపోయాం.

డబ్బు లేక కాదు. యాపిల్ కంపెనీ కట్టిన పాత పన్ను బాకీ తీసేసినా 2024లో కార్పొరేట్ పన్ను రూపంలో దాదాపు 2,800 కోట్ల యూరోలు వచ్చాయి. అందులో సగానికి పైగా కట్టేది పదే పది కంపెనీలు, అది ఇంకో భయం. కరెంటు సంగతీ ఇంతే, డేటా సెంటర్లే 2023లో దేశం వాడిన కరెంటులో 21 శాతం తీసుకున్నాయి, డబ్లిన్ చుట్టుపక్కల కొత్త కనెక్షన్ దొరకడమే గగనం. కంపెనీల్ని రప్పించడంలో డెబ్బై ఏళ్లుగా ఇంత ముందుచూపు చూపించినవాళ్లు, వచ్చినవాళ్లకి ఇల్లూ నీళ్లూ కరెంటూ కావాలని ముందే ఎందుకు అనుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అనుకుంటే కోపం వస్తుంది.

రెండో ప్రాడక్ట్ అమెరికా సైటుకి వెళ్లింది. మాకొచ్చిన మెయిల్లో మొదటి కారణం అమెరికా సుంకాలు, రెండో కారణం మనుషుల్ని తెచ్చుకోవడం కష్టమని. దాని కోసమని ముందే గోడలు, పైకప్పు వేసి పెట్టుకున్న బిల్డింగు ఖాళీగా ఉంది. మూడోదానికి మళ్లీ పేపర్లు పంపమన్నారు, పోయిన వారం నుంచి వ్యాలిడేషన్ ప్లాన్ రాస్తున్నాను. ఈసారి మా సైట్ హెడ్ అందులో ఒక పేజీ కొత్తగా చేర్చింది, ప్లాంటుకి అరగంట దూరంలో కంపెనీయే లీజుకి తీసుకోగల ఇళ్ల లిస్టు. ఇప్పటికి పదకొండు దొరికాయి.