ధ్యానం సంగతి తర్వాత, ముందు మీ ఆయనతో మాట్లాడండి

ప్రశ్న: మాది కావలి. ఎండాకాలం వస్తే చాలు నాకు చికాకు, కోపం, ఊరికే ఏడుపు. పిల్లల్ని అయినదానికీ కానిదానికీ కసురుతున్నాను. మా గదిలో ఏసీ ఉంది గానీ, పిల్లల అల్లరికి ఆయన నిద్ర చెడుతుందని వాళ్లతో హాల్లో ఫ్యాన్ కింద పడుకుంటాను. అత్తయ్య గదిలో కూలర్ ఉంది. మధ్యాహ్నం ఆయన షాపు నుంచి వచ్చేసరికి అన్నం, కూర వేడివేడిగా ఉండాలి. మొన్న పొయ్యి దగ్గర కళ్లు తిరిగాయి. ఈ మే 20న ఆయన చెల్లెలు పిల్లలతో వస్తోంది. ఆయన మంచివారే. ఎండలు తగ్గేదాకా పాజిటివ్‌గా ఉండటానికి ధ్యానం లాంటిది ఏదైనా చెప్పండి.
- ఒక సోదరి

జవాబు: ధ్యానం ఇప్పుడు వద్దమ్మా. నిద్ర లేని మనిషికి ధ్యానం చెప్పడానికి నాకు మనసొప్పదు.

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. పగలంతా కాగిన స్లాబు వేడినే ఫ్యాన్ కిందికి తోస్తుంటే కన్ను ఎలా మూతపడుతుంది? అన్ని రాత్రులు అలా గడిస్తే ఎంత ఓర్పున్న తల్లైనా పిల్లల్ని కసురుతుంది. మీ స్వభావంలో లోపం లేదు.

కళ్లు తిరిగిన సంగతి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు అక్కడే భయం వేసింది. వంట పొద్దున తొమ్మిదిలోపు ముగించి హాట్‌బాక్సులో పెట్టేయండి. ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకుని తాగుతూ ఉండండి. మళ్లీ కళ్లు తిరిగితే డాక్టర్‌కు చూపించుకోండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం అది వడదెబ్బే, వెంటనే 108కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఆయన నిద్ర ఉంది, ఆయన భోజనం ఉంది, ఆయన మంచితనం ఉంది. ఆయనతో మీరు అన్న మాట ఒక్కటీ లేదు. కళ్లు తిరిగాయని ఆయనకు చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నాను. భర్త భోజనం వేళకు చూసుకోవడాన్ని నేను తప్పు పట్టను. కానీ భార్యాపిల్లలు చెమటలో దొర్లుతుంటే తలుపు వేసుకుని పడుకోవడం మాత్రం తప్పే. ఆ తప్పు ఆయనకు తెలియకుండా మీరే కాపాడుతున్నారు. కష్టాన్ని దాచుకుని దానికి సర్దుకుపోవడమని పేరు పెట్టుకోవడాన్ని నేను మెచ్చుకోలేను.

ఈ రాత్రే పిల్లల పరుపులు ఆ గదిలో కింద వేయండి, మీరూ అక్కడే పడుకోండి. అడిగి తెచ్చుకునేది కాదు, అది మీ గదే. ఆయన నిద్ర కాస్త చెడితే చెడనివ్వండి, ఆయన పిల్లలే కదా. అత్తగారి కూలర్ జోలికి వెళ్లొద్దు, ఆ వయసులో వేడి ఇంకా ప్రమాదం.

మీ ఆడబిడ్డ వచ్చిన కొద్ది రోజులకే రోహిణి కార్తె. ఇంటినిండా జనానికి ఒక్కరే వండలేరు. ఈ మాట మీరు చెబితే ఆమెకు వేరేలా వినిపిస్తుంది. 20లోపే ఆయన చేత ఫోన్ చేయించండి. "వదినకు ఒంట్లో బాగాలేదు, ఈసారి వంటలో నువ్వూ చెయ్యి వెయ్యాలి" అని అన్నే చెప్పాలి.