గోడ కట్టమన్నది భక్తులే

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో మతమూ రాజకీయమూ అన్న నీ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే మొదటి పేజీలోనే భక్తులందరినీ ఒక వైపూ, మతాన్ని ప్రభుత్వానికి దూరంగా ఉంచమనేవాళ్ళందరినీ మరో వైపూ నిలబెట్టావు. అక్కడే దారి తప్పింది.

1802 జనవరి 1న, అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రాసిన ఉత్తరంలోని, మతానికీ ప్రభుత్వానికీ మధ్య ‘అడ్డుగోడ’ అన్న మాటను ఎత్తి రాశావు గానీ, ఆ ఉత్తరం ఎవరికి రాశాడో చెప్పలేదు. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళకు. ఆ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చి అనే మరో క్రైస్తవ శాఖకు 1818 దాకా ప్రభుత్వ ఆదరణ ఉండేది. దాని పోషణకు కట్టే పన్ను తప్పాలంటే తాము వేరే సంఘస్థులమని బాప్టిస్టులు కాగితం దాఖలు చేసుకోవలసి వచ్చేది. తమ మతస్వేచ్ఛ హక్కుగా కాక ఎవరో దయతలచి ఇచ్చినదిగా ఉందని వాళ్ళు జెఫర్సన్‌కు మొరపెట్టుకున్నారు; ఆ ఉత్తరం దానికి జవాబు. ఆ జవాబు రాసిన రోజునే జాన్ లీలండ్ అనే బాప్టిస్టు బోధకుడు, మసాచుసెట్స్‌లోని తన ఊరివాళ్ళు చేసిన 1,235 పౌన్ల చీజ్ ముద్దను జెఫర్సన్‌కు కానుకగా అందజేశాడు. రెండు రోజుల తరవాత, ఆదివారం నాడు, ప్రతినిధుల సభా మందిరంలోనే లీలండ్ ప్రసంగం చేస్తే జెఫర్సన్ వెళ్ళి విన్నాడు. ఈ మూడు రోజులను పాఠకుడి కళ్ళకు కట్టించు, నీ వ్యాసం వాటితోనే మొదలుకావాలి.

లౌకికరాజ్యం అనగానే మన పాఠకుడికి దేవాదాయ శాఖ, గుడికి ఈవో గుర్తుకొస్తాయి. అమెరికాలో ప్రభుత్వం ఏ చర్చికీ అధికారిని నియమించే వీలు లేదన్న సంగతి ముందే చెప్పకపోతే, తక్కినదంతా అతనికి మన లెక్కలోనే అర్థమవుతుంది.

బాప్టిస్టు పాస్టర్ జెర్రీ ఫాల్వెల్‌ను రెండు వాక్యాల్లో దులిపేశావు. రాజకీయాలు పాస్టర్ల పని కాదని 1965లో ప్రసంగించిన ఆ మనిషే 1979లో మోరల్ మెజారిటీ అనే క్రైస్తవ రాజకీయ సంస్థను స్థాపించాడు. బడుల్లో ప్రభుత్వం చెప్పించే ప్రార్థన కూడదని 1962లో, గర్భస్రావాన్ని అనుమతిస్తూ 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులూ, జాతి వివక్ష పాటించిన క్రైస్తవ విద్యాసంస్థల పన్ను మినహాయింపు తగాదా, అన్నీ కలిసే అలాంటివాళ్ళను కదిలించాయి. ఒక్క కారణంతో ముగించకు.

మార్టిన్ లూథర్ కింగ్ పేరు నీ వ్యాసంలో లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైల్లో వార్తాపత్రిక అంచుల మీద ఆయన రాయడం మొదలుపెట్టిన లేఖ, జాతి వివక్ష మీద ఆయన నడిపిన నిరసనలకు ఇది సమయం కాదన్న ఎనిమిదిమంది మతాధికారులకు జవాబు. వాళ్ళూ దేవుణ్ణి నమ్మినవాళ్ళే, ఆయనా నమ్మినవాడే. ముందు ఆ లేఖ పూర్తిగా చదువు, తరవాత వ్యాసం తిరగరాసి పంపు, నేను ఎదురుచూస్తుంటాను.