షెడ్యూలింగ్‌ని ‘వంతు’ అంటే తప్పా?

సందేహం: మాది పర్లాకిమిడి. జవాబులు త్వరగా వచ్చేలా, నెట్ సమాచారాన్ని దారిచూపి పంపే రౌటర్లో ఏ ప్యాకెట్ (సమాచారపు మూట) ముందు వెళ్లాలో తేల్చే షెడ్యూలింగ్ గురించి తెలుగులో రాస్తున్నాను. ‘కాలనిర్ణయ ప్రణాళిక’ అని రాస్తే మా అమ్మకి అర్థం కాలేదు. ‘వంతు’ అంటే మరీ నాటుగా ఉంటుందా?

సమాధానం: నాటేమీ కాదు, నిక్షేపంగా రాయండి. రౌటర్ ఎవరికీ టైం రాసివ్వదు, ఇప్పుడు ఎవరు కదలాలో చెబుతుంది, అంతే. దాన్నే మనం వంతు అంటాం, మీ పక్కింటి ఒడియావాళ్లు ‘పాళి’ అంటారు. గిడుగు రామమూర్తిగారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి వాడుకమాటకి బెరుకెందుకండీ!

కుళాయి దగ్గర చూడండి. పది బిందెలతో ఒకాయన, వెనకాలే ఒక్క బిందెతో ఒకావిడ, బిందె నిండడానికి ఒక నిమిషం. వచ్చిన వరుసలో అయితే ఆయన 10 నిమిషాలకి, ఆవిడ 11 నిమిషాలకి వెళ్తారు, సగటు పదిన్నర. ఆవిడని ముందు పట్టుకోనిస్తే ఆవిడకి 1, ఆయనకి 11, సగటు 6కి దిగింది, ధార మాత్రం అదే. మిగిలిన పని తక్కువున్నవాళ్లని ముందు పంపితే సగటు అన్నిటికంటే తగ్గుతుందని 1968లో లైనస్ ష్రేజ్ రుజువు చేశారు. కానీ ఒక్క బిందెవాళ్లే వస్తూ ఉంటే పది బిందెలాయన గతేంటి?

ఆ చిక్కు రాకుండా చూసేది వంతులవారీ పద్ధతి. నాకు ఈ మాట మీద ఇంత ఇష్టం కూడా ఇక్కడే. ‘నా వంతు వచ్చింది’ అంటాం, ‘నా వంతు బియ్యం’ అనీ అంటాం, రెండోది వాటా. 1985లో జాన్ నేగిల్ అనే నెట్‌వర్క్ నిపుణుడు, రౌటర్లో పంపేవాళ్లు ఒక్కొక్కరికీ విడి క్యూ పెట్టి, తలా ఒక ప్యాకెట్ పంపమన్నారు. మొదటి అర్థంలో వంతు సమానమైంది గానీ, బిందెకీ గంగాళానికీ ఒకే వంతు కాబట్టి పెద్ద ప్యాకెట్లవాళ్లకి వాటా ఎక్కువ దక్కేది. 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ దాన్ని సరిచేశారు: తలా ఒక బిట్టు (ప్యాకెట్లో అతిచిన్న తునక) చొప్పున పంపితే ఏ ప్యాకెట్ ముందు పూర్తవుతుందో లెక్కకట్టి, ప్యాకెట్లని ముక్కలు చేయకుండానే ఆ క్రమంలో వదిలారు. దాంతో వాటా కూడా దాదాపు సమానమైంది. ఈ రెండర్థాలూ ‘కాలనిర్ణయ ప్రణాళిక’లో ఎక్కడున్నాయి?

రెస్పాన్స్ టైమ్‌కి ‘జాప్యం’ వద్దు, అందులో ఎవరో కావాలని సాగదీశారన్న నింద ఉంది. ‘జవాబుకి పట్టే సమయం’ అనండి. క్యూని క్యూ అనే ఉంచండి, ‘లైను’ అన్నా మీ అమ్మగారికి తెలుస్తుంది.